పళ్లెంలో చరిత్ర – 11: నల్లరేగడి విస్తరి

నడిరాత్రి వేళ కూడా ఆళ్వారు విష్ణుచిత్తుడి ఇంట్లో రెండు రకాల మాటలు వినపడుతుంటాయని అంటాడు కృష్ణదేవరాయలు. ఒకటి హరికథలూ దివ్యప్రబంధమూ చదువుకుంటున్న చప్పుడు. రెండోది, వేళ మించి వచ్చిన అతిథుల ముందు ఇంటాయన పడే మొహమాటం. కూరలు ఎక్కువ లేవు, ఉన్నవీ చల్లారిపోయాయి, పిండివంటలు చేయలేదు, అన్నం కూడా అంత బాగా కుదరలేదు, దయచేసి ఎంగిలిపడండి అని బతిమాలుకోవడం. 'ఆముక్తమాల్యద'లోని ఈ ఇల్లు శ్రీవిల్లిపుత్తూరులో ఉంది. ఆ ఊరు ఇవాళ్టి విరుదునగర్ జిల్లాలో ఉంది. తెలుగు చక్రవర్తి తన మహాకావ్యంలో అన్నం వడ్డించిన చోటు తెలుగునేల మీద లేదు, మదురైకి దక్షిణాన ఉందన్న మాట.

ఈ ధారావాహికలో ఇంతవరకు నేపుల్స్ పిజ్జా, మొరాకో తాజీన్, హైదరాబాద్ హలీం లాంటి పేరుమోసిన వంటకాల దగ్గర ఆగుతూ వచ్చాం. ఈసారి ఆగబోయేది మదురై నుంచి తూత్తుకుడి పోయే రైలు దారిలో ఉన్న విరుదునగర్, కోవిల్‌పట్టి దగ్గర. ప్రపంచంలో రుచి చూసి తీరాల్సిన వంటకాల పట్టికలు వేసేవాళ్లు ఈ ఊళ్ల పేర్లు రాయరు. రాయాలని నా గట్టి అభిప్రాయం. రుచి ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, తరతరాల సంప్రదాయమని మనం నెత్తిన పెట్టుకునే వంటకం నిజానికి ఎంత వయసుదో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఈ నేల మీద కళ్లకు కట్టినట్టు కనపడుతుంది.

ముందు రాయల విస్తరి చూద్దాం. విష్ణుచిత్తుడు కాలాన్ని బట్టి వడ్డిస్తాడు. వానాకాలంలో కలమధాన్యపు అన్నం, పొట్టు తీసిన పప్పు, కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, ధారగా నెయ్యి. ముసురు పట్టినప్పుడు పచ్చి కూరగాయలు దొరకవు కాబట్టి ఎండలో ఎండబెట్టి దాచినవి బయటికి తీస్తారు. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసం, కొబ్బరినీళ్లు, పళ్లు, చల్లని సుగంధజలం, వడపిందెలు, ఊరగాయలు, మజ్జిగ. చలికాలానికి వాసన గుబాళించే కొత్తబియ్యపు అన్నం, మిరియాల పొడి ఘాటెక్కిన కూరలు, ముక్కుదిమ్ము వదలగొట్టే ఆవ పచ్చళ్లు, పాయసం, కాగిన నెయ్యి, పాలు. ఇంత వివరంగా, ఇంత ఇష్టంగా భోజనం గురించి రాసిన రాజు మరొకడు ఉన్నాడేమో నాకు తెలియదు.

ఈ విస్తట్లో మిరపకాయ కనపడదు. కారం కావాలంటే మిరియం, ఆవ. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. మిరప అమెరికా ఖండాల మొక్క, పోర్చుగీసు ఓడలెక్కి మన తీరానికి వచ్చింది. వేరుశనగ కూడా అక్కడిదే. మైదాపిండి రొట్టె ఊసే లేదు. మరి ఇవాళ విరుదునగర్ జిల్లాకూ, పక్కనున్న కోవిల్‌పట్టికీ పేరు తెచ్చినవి ఏవి? విరుదునగర్ సాంబా వత్తల్ అనే ఎండుమిరపకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కోవిల్‌పట్టి కడలై మిఠాయికి, అంటే వేరుశనగ పట్టీకి, 2020లో వచ్చింది. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవాకు 2019లో వచ్చింది. ఇక విరుదునగర్ అంటే తమిళనాడు మొత్తానికి గుర్తొచ్చేది నూనె పరోటా. పాలకోవాలోని పాలను, పట్టీలోని బెల్లాన్ని పక్కన పెడితే, రాయలు తిరిగొచ్చి శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ గుడి వీధిలో నిలబడితే వీటిలో ఒక్క వాసనా గుర్తుపట్టలేడు.

అలాగని ఇవి సంప్రదాయం కావని నేను అనను. ఎలా అయ్యాయో చూద్దాం.

ఈ ప్రాంతాన్ని అక్కడివాళ్లు కరిసల్ భూమి అంటారు. మన నల్లరేగడే. పెద్ద నదులు లేవు. తామ్రపర్ణి దక్షిణంగా, వైగై ఉత్తరంగా ఉండి రెండూ ఈ మెట్టను తప్పించుకుని పోతాయి. ఉన్న ఆధారమల్లా ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు లోపల కురిసినంత కురిసి ఊరుకుంటుంది. ఆ తడిని పట్టి ఉంచేది నల్లమట్టి. పదునుకు ముందు దున్నితే బంక, పదును దాటితే రాయి. ఈ మట్టితో కాపురం చేయడం అందరికీ చేతకాదు. తిరునల్వేలి రైతాంగ చరిత్ర రాసిన డేవిడ్ లడెన్ 1985 నాటి తన పుస్తకంలో చెప్పింది ఇదే. కావేరి, తామ్రపర్ణి గట్ల మీద వరి పండించేవాళ్లు వదిలేసిన ఈ నల్లనేలల్లోకి ఉత్తరం నుంచి తెలుగు వలసజనం దిగారు. మెట్టసేద్యం వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య.

1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టాక, దళవాయి అరియనాథ ముదలియార్‌తో కలిసి దేశాన్ని 72 పాళెయాలుగా, అంటే చిన్న సంస్థానాలుగా, ఏర్పాటు చేశాడని చెబుతారు. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి లాంటివి తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకుల పాళెయాలు. 1799 అక్టోబరు 16న కోవిల్‌పట్టికి దగ్గరలో ఉన్న కయత్తారులో ఇంగ్లీషువాళ్లు ఉరితీసిన వీరపాండ్య కట్టబొమ్మన్ ఇంటి భాష తెలుగు. సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే సంగీత గ్రంథాన్ని 1904లో ఎట్టయపురంలోనే అచ్చు వేయించారు, అదీ తెలుగు లిపిలో. అయితే వచ్చినవాళ్లంతా దొరలు కారు. కమ్మ, రెడ్డి రైతులు వచ్చారు. తోలుపనీ పాకీపనీ చేసి బతికిన అరుంధతీయులూ వచ్చారు, వాళ్లలోనూ తెలుగు ఇంటి భాషగా నిలిచింది. అందరూ తిన్నది ఒకే నేల గింజ. కూర్చున్నది మాత్రం ఒకే పంక్తిలో కాదు. పాలేరు చేతిలో పోసే అంబలికీ, యజమాని గిన్నెలో గడ్డపెరుగుకీ మధ్య ఉన్న దూరం చెప్పకుండా ఈ నేల వంటల గురించి రాస్తే అది అబద్ధమవుతుంది.

ఈ తెలుగువాళ్ల కథ తెలుసుకోవాలంటే కి. రాజనారాయణన్‌ని చదవాలి. తమిళులు ప్రేమగా కీ.రా. అని పిలుచుకునే ఈ మహారచయిత కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్ అనే పల్లెలో పుట్టాడు. ఇంట్లో తెలుగు, రాత తమిళం. 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం' నవల నిండా తెలుగు నేల విడిచి దక్షిణాదికి పరుగెత్తుకొచ్చి, అడవి నరికి, కరిసల్ నేలలో ఊరు కట్టుకున్న కుటుంబాల జ్ఞాపకాలే. దాని తరువాయి 'గోపల్లపురత్తు మక్కళ్'కి 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. కరిసల్ పల్లెల మాటలకు ఆయన ఏకంగా నిఘంటువే కూర్చాడు. 2021 మే 17న పుదుచ్చేరిలో కన్నుమూశాడు. మన కథల్లో మట్టివాసన అని తరచూ అంటుంటాం. ఆ వాసన తెలుగింటి నుంచి తమిళంలోకి ఎలా వెళ్లిందో మన పాఠకులకు ఇంకా తెలియాల్సినంత తెలియలేదని నాకు బాధ.

ఆ పల్లెల అసలు కూడు సజ్జ, జొన్న, రాగి, ఊదలు. సజ్జ వంటలో పని చాలా ఉంది. గింజల మీద కాసిన్ని నీళ్లు చిలకరించి రోట్లో పోసి రోకలితో దంచాలి. పొట్టు వదిలాక చేటలో చెరగాలి. మళ్లీ దంచి రవ్వగా చేయాలి. మరిగే ఎసట్లో పోసి, తెడ్డుతో కలియబెడుతూ గట్టిపడేదాకా ఉడికించాలి. వేడిగా తింటే పప్పుపులుసుతోనో గోంగూర లాంటి పుల్లకూరతోనో తినాలి. మిగిలింది ముద్దలు చేసి కుండలో నీళ్లు పోసి అందులో వేస్తారు. రాత్రంతా ఊరి, తెల్లారేసరికి సన్నని పులుపు పట్టి ఉంటుంది. ఆ ముద్దను చేత్తో చిదిమి, మజ్జిగ పోసి, ఉప్పేసి, చిన్న ఉల్లిపాయో చల్లమిరపకాయో నంజుకుంటూ తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి అనే మాట ఉండదు. వరి అన్నం పండక్కో చుట్టానికో. విష్ణుచిత్తుడి ఎండాకాలపు వడ్డనలో పలుచని అంబలి ఉంది చూశారా, ఐదు వందల ఏళ్ల నాటి ఆ విస్తట్లోంచి ఈ నేల మీద చెక్కుచెదరకుండా మిగిలింది బహుశా అదొక్కటే.

దానికి ఏ గుర్తింపూ రాలేదు. చౌకబియ్యం వచ్చాక ఇళ్లలో రోలు మూలపడింది. కోవిల్‌పట్టిలో 1901 నుంచీ మెట్టసేద్యపు పరిశోధనా కేంద్రం ఉంది, జొన్న, పత్తి లాంటి పంటల్లో మేలురకాలు తీసింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. సజ్జ ఇప్పుడు పట్నాల్లో అందమైన పొట్లాల్లోకి ఎక్కింది. కానీ యాత్రికుడు కోవిల్‌పట్టిలో దిగి సజ్జకూడు పెట్టే హోటలు ఎక్కడని అడిగితే దారి చూపించేవాళ్లు తక్కువ. వంటకం ప్రసిద్ధి కావాలంటే పాతదై ఉంటే చాలదు. దాన్ని ఊరు దాటించే చేయి కావాలి, నిలవ ఉండే గుణం కావాలి, కొనేవాడు కావాలి. ఈ మూడూ ఉన్నది వేరుశనగ పట్టీకి.

ఊరు దాటించిన చేతుల సంగతి చెప్పుకోవాలంటే విరుదునగర్‌కు వెళ్లాలి. 1923 దాకా ఆ ఊరు విరుదుపట్టి. సముద్రం వైపు తేరి అనే ఇసుకనేలల్లో తాటిచెట్లెక్కి బతికిన కులం నాడార్లు. వాళ్లలో కొందరు తాటిబెల్లం, ఎండుచేపలు ఎడ్లబండ్లకు ఎత్తి లోపలి ఊళ్లకు అమ్మకానికి బయలుదేరారు. దారిలో దొంగల భయం. అందుకని బండ్లు నిలుపుకోవడానికి గోడలు కట్టిన పేటలు ఏర్పాటు చేసుకున్నారు. ఆ పేటలు పెరిగి వాణిజ్యపు ఊళ్లయ్యాయి. విరుదునగర్, శివకాశి, అరుప్పుకోట్టై అలా ఎదిగినవే. అమెరికా పరిశోధకుడు రాబర్ట్ హార్డ్‌గ్రేవ్ 1969లో ఈ కథంతా పుస్తకంగా రాశాడు. గుడిలోకి రానివ్వని సమాజంలో, 1899లో శివకాశి మీద పడిన దోపిడీల మధ్య, వీళ్లు అంగడినే కోటగా చేసుకున్నారు. 1876లో మదురై నుంచి తూత్తుకుడికి రైలు నడిచాక పత్తి, మిరప, పప్పుధాన్యాలు, నూనె, యాలకులు అన్నీ విరుదునగర్ గోదాముల గుండా పోవడం మొదలైంది. అక్కడ పలికే ధరను చూసి దూరపు ఊళ్లలో ధరలు కట్టేవారు.

ఈ వర్తకులు అమ్మిన ప్రతి సరుకు మీదా కొంత తీసి ఊరి నిధిలో వేసేవారు. 1889లో పెట్టిన క్షత్రియ విద్యాశాలకు ఇంటింటి నుంచీ పిడికెడు బియ్యం చొప్పున పోగుచేసిన కథ ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ బళ్లో చదివి, మధ్యలోనే మానేసిన కొబ్బరికాయల వ్యాపారి కొడుకే కామరాజ్. 1903 జులై 15న విరుదుపట్టిలో పుట్టాడు. 1954 నుంచి 1963 దాకా మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉండి, 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టాడు. రుచి చూడాల్సిన వంటకాల పట్టికలో బడి అన్నాన్ని ఎవరూ చేర్చరు. చరిత్ర రాసేవాడు చేర్చకపోతే తప్పు. విరుదునగర్ దేశానికి పెట్టిన అతి పెద్ద వంట అది.

ఇక పట్టీ. పల్లెల్లో తిరునాళ్ల కోసం వేరుశనగపప్పును తాటిబెల్లంలో ఉండలు కట్టడం ముందునుంచీ ఉంది. 1940ల్లో కోవిల్‌పట్టి బజారులో కిరాణా కొట్టు నడిపిన పొన్నంబల నాడార్ దాన్ని చెరకుబెల్లంతో పట్టీగా చేసి ఏడాది పొడవునా అమ్మడం మొదలుపెట్టాడని ఊరు చెప్పుకుంటుంది. అక్కణ్నుంచి ఊరంతా పాకింది. పప్పు చుట్టుపక్కల నల్లరేగడిదీ ఎర్రనేలదీ, బెల్లం తేని వైపుది, నీళ్లు తామ్రపర్ణివి. ఇంతే సరుకు.

తయారీ చూస్తే పనితనమంతా పాకంలోనే ఉందని తెలుస్తుంది. ముందు పప్పు వేయించి, పొట్టు ఊదేసి, బద్దలుగా విడగొడతారు. గింజ గింజగా ఉంటే పాకం అంటుకునే చోటు తక్కువ, కొరికితే విడిపోతుంది. బద్ద అయితే చదునైన వైపు పాకం పట్టుకుంటుంది. బెల్లం కరిగించి, మడ్డి వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెడతారు. నురగ పెద్ద బుడగల నుంచి చిన్నబుడగలకు దిగుతుంది, రంగు ముదురుతుంది. ఒక చుక్క నీళ్లలో వేసి చూస్తారు. తీగలా సాగితే ఇంకా కావాలి. రాయిలా బిగిసి, వంచగానే టక్కున విరిగితే పాకం వచ్చినట్టు. ఆ క్షణం దాటితే చేదు. పప్పు పోసి గబగబా కలిపి, పిండి చల్లిన బల్ల మీద కుమ్మరించి, కర్రతో ఒకే మందాన ఒత్తుతారు. పైన సన్నగా తురిమి గులాబీ, ఆకుపచ్చ, పసుపు రంగులు వేసిన కొబ్బరి చల్లుతారు. వేడి ఆరకముందే కత్తి గీతలు పడాలి, ఆరాక గీస్తే పట్టీ గీత చెప్పిన చోట విరగదు. ఈ పనంతా ఎన్ని నిమిషాల్లో జరగాలో అక్కడి చేతులకు తెలుసు. మంచి పట్టీ పంటికి అతుక్కోదు. కొరకగానే విరిగి, నాలుక మీద ముందు బెల్లం, ఆ తర్వాత వేయించిన పప్పు కమ్మదనం తెలుస్తాయి. మన ఊళ్లలో బస్టాండు పల్లీపట్టీ తిని ఇదీ అదే కదా అనుకునేవాళ్లు కోవిల్‌పట్టిలో ఒక ముక్క తిని చెప్పాలి.

ఇక్కడ లోకం చుట్టూ ఒకసారి చూడాలి. బ్రెజిల్‌లో 'పె జి మోలెకి' అనే మిఠాయి ఉంది. అదీ వేరుశనగ, చెరకుబెల్లం. మెక్సికోలో 'పాలంకెటా', వియత్నాంలోని హాతిన్ ప్రాంతంలో బియ్యపు అప్పడాల మధ్య పెట్టే 'కు డో', ఇవన్నీ తోబుట్టువులే. బ్రెజిల్ మిఠాయి నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది. వేరుశనగ దక్షిణ అమెరికాలో పుట్టి పోర్చుగీసు కాలంలో సముద్రాలు దాటి మన దాకా వచ్చింది. చెరకు న్యూగినీ వైపు పుట్టినా, రసం కాచి బెల్లం చేసే విద్యను పండించింది మన దేశం. అరబ్బుల చేతుల మీదుగా మధ్యధరా తీరానికి, అక్కణ్నుంచి మదీరా దీవికి, బానిసల చెమటతో బ్రెజిల్‌కు చేరింది. అంటే రెండు సరుకులూ ఎదురెదురు దారుల్లో నడిచి, రెండు కొసల్లోనూ ఒకే మిఠాయిగా కలిశాయి. బ్రెజిల్‌లో పప్పు ఇంటిది, బెల్లం పొరుగుది. కోవిల్‌పట్టిలో బెల్లం ఇంటిది, పప్పు పొరుగుది. మద్రాసు ప్రెసిడెన్సీలో వేరుశనగ విస్తారంగా పండింది పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, అదీ మొదట తినడానికి కాదు. పుదుచ్చేరి రేవు గుండా ఫ్రాన్సులోని మార్సెయ్ నూనె మిల్లులకు, సబ్బుకూ నూనెకూ పోయింది. ఎగుమతి పంట ఊరి పంట కావడానికి ఒక తరం, ఊరి తీపి కావడానికి మరో తరం పట్టాయి.

పరోటా సంగతికొద్దాం. విరుదునగర్ పరోటా కాల్చింది కాదు, వేయించింది. మైదాపిండిని నూనె పట్టించి నానబెట్టి, బల్ల మీద విసిరి విసిరి కాగితంలా సాగదీసి, చుట్టగా చుట్టి, మళ్లీ ఒత్తుతారు. పెనం నడుమ పల్లంగా ఉండి నూనె నిలుస్తుంది. ఆ నూనెలో ఒత్తిన చుట్టలు వరసగా ఈదుతుంటాయి. అంచులు బంగారు రంగుకు తిరిగి, పొరల మధ్య గాలి నిండి, చేత్తో నొక్కితే పెళపెళమనాలి. విస్తట్లో వేసి నలగ్గొట్టి పైన సాల్నా పోస్తారు. కొబ్బరి, సోంపు, దాల్చినచెక్క, రాతిపువ్వు పడిన పలుచని పులుసది. సగం పొరలు నానుతాయి, సగం కరకరలాడుతూనే ఉంటాయి. ఆ రెండూ ఒకే ముద్దలో రావాలి, అందుకే వడ్డించాక కబుర్లు పెట్టుకోకూడదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఈ దుకాణాల ముందు జనం నిలబడతారు. బర్మా కడై అనే పాత కొట్టు పేరు జిల్లా దాటి తెలుసు. బర్మా, సిలోను, మలయా దేశాలతో ఈ దక్షిణాది జిల్లాలకు ఉన్న రాకపోకలు అలాంటి పేర్లలో నిలిచిపోయాయి. ఇదే సాగదీసే పిండి దక్షిణాది వాళ్లతో ఓడెక్కి పెనాంగ్‌లో రోటీ చనాయ్, సింగపూర్‌లో రోటీ ప్రాటా అయింది. అక్కడ అవి జాతీయ వంటకాలంత ప్రసిద్ధి. విరుదునగర్‌లో మాత్రం రోజు కూలి ముగించుకుని వచ్చి తినే రాత్రి భోజనంగానే ఉంది. దీన్ని రాయలు ఎరగడు. విష్ణుచిత్తుడి ఇంట్లో అడుగుపెట్టే యోగ్యత దీనికి ఉండేదీ కాదు. కానీ వేళ మించి వచ్చినవాడికి కడుపునిండా పెట్టే పని ఇవాళ ఆ జిల్లాలో ఈ కొట్లే చేస్తున్నాయి.

వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. మదురైలో పొద్దున్నే రైలెక్కండి. దారిలో సాత్తూరు వస్తుంది, అక్కడి కారపు సేవు వదలొద్దు. సాంబా మిరపకారం, వెల్లుల్లి పడిన ఆ సేవు తింటుంటే రాయల చలికాలపు మిరియాల చోటును మిరప ఎలా ఆక్రమించిందో నాలుకకే తెలుస్తుంది. కోవిల్‌పట్టిలో పట్టీని పెట్టె మీది పేరు చూసి కాకుండా ఆ పూట చేసిన చోట కొనండి. వీలైతే ఇడైసెవల్ వైపో, మరే కరిసల్ పల్లెకో వెళ్లి, తెలుగిళ్లు ఉన్నాయేమో అడగండి. వాళ్ల మాటలో మనం మరిచిపోయిన క్రియలూ, తమిళం నుంచి తెచ్చుకున్న విరుపులూ వినిపిస్తాయి. సజ్జకూడు ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. ఆ ఇంట్లో రోలు ఇంకా వాడుకలో ఉంటే అదృష్టమే. రాత్రికి విరుదునగర్ చేరుకుంటే పరోటా ఎలాగూ ఉంది.

వచ్చే భాగంలో ఈ రైలు దారి చివరికి, తూత్తుకుడి రేవుకు వెళదాం. గుడ్డు తెల్లసొన, చక్కెర, జీడిపప్పు కలిపి చేసే మకరూన్ అక్కడి బేకరీల్లోకి ఏ ఓడ దిగి వచ్చిందో, దానిలో బాదం పోయి జీడిపప్పు ఎందుకు చేరిందో చూడాలి.